మనోరమవ్వ పతకం పోయిన కేసు

"ఈ భూమండలం మీద నా కంట్లో పడని నేరం పుట్టలేదు, సత్తార్ భాయ్!" అని గర్జిస్తూ, నల్ల కళ్లద్దాల పుణ్యమా అని స్వాగత ద్వారం స్తంభానికి గుద్దుకున్నాడు తూంకుంట ప్లాట్ల బ్రోకర్, తనకు తానే బిరుదిచ్చుకున్న డిటెక్టివ్ ప్రతాప్.

పంక్చర్ల దుకాణం మూసి వెంటొచ్చిన సత్తార్ నిట్టూర్చాడు. పోయినవారం ఇదే కన్ను, పోయిన బండిని ఆ బండి మీదే కూర్చుని ఊరంతా వెతికింది.

ఈసారి పోయింది శౌర్య పతకం. సరిహద్దులో ప్రాణమిచ్చిన నారాయణది. వీరుడి పేరు పెడితే గజం రేటు పెరుగుతుందని లీడర్ శివన్న తన వెంచర్ ముందు సిమెంటు విగ్రహం నిలబెట్టాడు. ఫ్లెక్సీలో శివన్న తలుపంత, నారాయణ తపాలా బిళ్లంత. విగ్రహావిష్కరణ సభకు నారాయణ భార్య మనోరమవ్వ పతకాన్ని పిన్నీసుతో చీరకు పెట్టుకొచ్చింది. శివన్న దగ్గర ఉన్నది ఒక్కటే శాలువా. అవ్వకు కప్పి, ఫొటో కాగానే, తర్వాతివాళ్ల కోసం అనుచరుడు దాన్ని సర్రున గుంజుకున్నాడు. అవ్వ చూసుకుంటే పతకం లేదు.

"అంతర్జాతీయ ముఠా పని!" అన్నాడు ప్రతాప్.

"పరేషాన్ గాకు అవ్వా," అన్నాడు శివన్న. "షీల్డుల దుకాణంల అసుంటిదే కొనిస్త. ఫొటోల ఎవడు గుర్తువడ్తడు?"

"మా ఇంటాయన పీనుగ గూడ ఇంటికి రాలే బిడ్డా. వచ్చింది గదొక్కటే."

శివన్న గడియారం చూసుకున్నాడు. ప్రతాప్ విగ్రహం ఎక్కి, "దొరికింది!" అంటూ దాని ఛాతీ మీది సిమెంటు పతకాన్ని ఊడబెరికాడు. విగ్రహానికి బొక్క పడింది.

"నీ అక్కల్ ఏడవోయిందే?" అన్నాడు సత్తార్.

"మేధావికి ముందు సన్మానం జరగాలి. అప్పుడే బుర్ర కదుల్తది!"

పీడ విరగడవుతుందని శివన్న శాలువా కప్పాడు.

"సచ్చిన్రో! కాల్చిన్రో!" ప్రతాప్ స్టేజీ మీద దొర్లాడు.

సత్తార్ శాలువా తీసి చూశాడు. ప్రతాప్ మెడలో గుచ్చుకున్న పిన్నీసు, పిన్నీసుకు పతకం.

"నా మెడనే ఎరగా ఏసిన!" అన్నాడు ప్రతాప్, పడుకున్న చోటి నుంచే.

"ఫొటో తియ్యుండ్రి జల్దీ!" అన్నాడు శివన్న.

అవ్వ పిన్నీసు పీకి, పతకాన్ని కొంగుతో తుడుచుకుంది. "గా మనిషి తూటలు తగిలినా అర్వలేదంట. సత్తారూ, నన్ను ఇంటికాడ దించు బిడ్డా."

మర్నాడు చౌరస్తాలో కొత్త ఫ్లెక్సీ వెలసింది. "పతక వీరుడు ప్రతాప్", మెడకు పట్టీతో. పక్కన శివన్న, శాలువాతో. నారాయణకు మాత్రం చోటు చాలలేదట.