సున్నా పిండి దీక్ష

ఒక పెద్ద అడవిలో తిండికి లోటు లేదు. అందుకే అందరికీ తిండి గురించే బెంగ.

అందరికంటే ఎక్కువ బెంగ వరహాలయ్యది. ఆయనో అడవిపంది. కంద, పెండలం, వెదురు మొలకలు, రాలిన ఇప్పపువ్వు, కనబడిందల్లా తినేవాడు. తిన్నదంతా పొట్ట చుట్టూ చేరింది. కొండవాలు సగం ఎక్కేసరికి ఆయాసం వచ్చేది. పోయిన వేసవిలో సరిగ్గా ఇలాగే ఆయాసపడి ఆగిన వాళ్ళన్నయ్యను పులిదొర పట్టుకుపోయాడు. అప్పట్నుంచీ వరహాలయ్యకు ఒకటే దిగులు. పులి వెంటపడితే తను పరిగెత్తగలడా?

"ముందు ఆ రెండోసారి పెట్టించుకునే కంద మానెయ్యి," అంది భార్య బంగారమ్మ.

"కంద మానేస్తే నీరసం వస్తుందే!" అన్నాడు వరహాలయ్య, ఇంకో ముక్క నోట్లో వేసుకుంటూ.

అక్కడ పులిదొర పరిస్థితీ ఏమంత బాగాలేదు. ఏడాది తిరిగేసరికి వయసు మీదపడింది, పళ్ళు కదిలాయి. వేటకు వెళ్తే లేళ్ళు ఆగి, వెనక్కి చూసి, తీరిగ్గా పరిగెత్తేవి. తిండిలేక దొర డొక్కలు లోపలికి పోయాయి. ఆయన మిగిల్చింది తిని బతికే నక్కకు కూడా కడుపు మాడింది. మాడే కడుపుకి ఆలోచనలు బాగా వస్తాయి. మర్నాడే నక్క తన పేరు జంబుకాచార్యులని మార్చుకుని, వాగు ఒడ్డున సభ పెట్టించాడు.

పులిదొరను బండమీద పక్కకి తిప్పి నిలబెట్టాడు.

"చూడండి ఆ నడుం!" అన్నాడు ఆచార్యులు. "ఈ వయసులో అలాంటి నడుం మీలో ఎవరికైనా ఉందా? రహస్యం ఒక్కటే. దొరగారు పుట్టాక ఒక్క దుంప ముట్టలేదు, ఒక్క పండు కొరకలేదు. ఉత్త మాంసం! పిండిపదార్థం సున్నా! ఇదే సున్నా పిండి దీక్ష, చేసేవాళ్ళంతా మన సంఘంలో చేరండి!"

"ఆకలేస్తోందిరా," అని గొణిగాడు దొర.

"కాసేపు ఓర్చుకోండి దొరా. కడుపు ఇంకాస్త లోపలికి లాగండి," అన్నాడు ఆచార్యులు చెవిలో.

సభంతా ఆ నడుం వంక నోరు తెరుచుకుని చూసింది. ఎలుగుబంటి లేచి, "నాకు మోకాళ్ళ నొప్పులండీ. తేనె తగ్గించమని ఎంతమంది చెప్పినా చెవికెక్కలేదు. అన్నీ మొత్తంగా మానెయ్యమంటే మాత్రం మానాలనిపిస్తోంది," అన్నాడు.

కొండముచ్చు అందుకున్నాడు. "పక్కడవిలో మా బావమరిది చేశాడు. ఇప్పుడు చూస్తే మీరు గుర్తుపట్టలేరు."

"ఈ పూట ఏం తినాలి అని ఆలోచించక్కర్లేదు. ఒకటే వస్తువు. ఆ సుఖం నాకు నచ్చింది," అన్నాడు వరహాలయ్య. పరిగెత్తడం సంగతి పైకి అనలేదు. పులి ఎదురుగా ఎలా అంటాడు?

చివరికి కుందేలమ్మ ముందుకొచ్చింది. ఆచార్యులకే అనుమానం వచ్చింది. "అమ్మా, నువ్వు గడ్డి మానేస్తే బతుకుతావా?"

"సంఘంలో సభ్యులను సభ్యులు తినకూడదని నియమం పెట్టారట కదండీ. నాకు ఆ ఒక్క నియమం చాలు," అంది కుందేలమ్మ.

మిగతా నియమాలు కూడా తేలికే. ఎదురుపడితే "సున్నా!" అని పలకరించుకోవాలి. వాగులో చేపలో పీతలో ఎవరికి వారే పట్టుకోవాలి. పట్టినదాంట్లో తొలి వాటా ఆదర్శమూర్తి అయిన దొరగారికి పెట్టాలి.

ఆ తొలి వాటా దగ్గరే మనవాళ్ళు తమ గొప్పతనం చూపించుకున్నారు. ఎలుగుబంటి సగం పెట్టాడని తెలిసి కొండముచ్చు ముప్పాతిక పెట్టాడు. అది చూసి ఎలుగుబంటి మొత్తం పెట్టి, "నాకిప్పుడు ఆకలే వెయ్యడం లేదు" అని చెప్పుకున్నాడు. "దొరగారికి ఇంకొంచెం వడ్డించండి! అయ్యో, మొహమాటపడుతున్నారు, ఇంకొంచెం!" అని ఒకరిని మించి ఒకరు కేకలు. దొరగారికి మొహమాటం ఎక్కడిది? కుందేలమ్మ మాత్రం పొదచాటున నాలుగు పరకలు నమిలి, మూతి తుడుచుకుని వచ్చి అందరికంటే గట్టిగా "సున్నా!" అనేది.

వరహాలయ్య పొద్దస్తమానం వాగులో తవ్వి పట్టిన పీతల్లో ఆయనకు మిగిలేది ఓ కాలు.

"నడుం తగ్గింది, కాదనను. ఇంతకీ ఏం తింటున్నావు?" అనడిగింది బంగారమ్మ.

"మాంసం."

"ఎంత?"

"ఎంతని అడక్కూడదు. ఏం తిన్నామన్నదే ముఖ్యమని ఆచార్యులవారు చెప్పారు."

వానలు వచ్చి వెళ్ళాక సంఘం పెద్ద సభ జరిగింది. పులిదొర బండ ఎక్కలేకపోతే వెనకనుంచి ఇద్దరు తోశారు. ఎప్పటిలాగే పక్కకి తిప్పి నిలబెట్టారు. కొండముచ్చుకి నోరు ఆగదు.

"దొరగారికి బొజ్జ!"

"ఉత్త మాంసమే తింటే బొజ్జెలా వస్తుంది?" అన్నాడు ఎలుగుబంటి. "ఆచార్యులవారూ, సమాధానం చెప్పండి."

తప్పు దీక్షదని ఒప్పుకుంటే ఆచార్యులకు రేపట్నుంచి తిండి లేదు. "చెప్పడానికి బాధగా ఉంది," అన్నాడు. "దొరగారు చాటుగా చిలగడదుంపలు తింటున్నారు."

"నేనా? దుంపలా?" పులిదొర గర్జనకి చెట్లమీద పిట్టలన్నీ లేచిపోయాయి. పుట్టి బుద్ధెరిగాక అంత అవమానం ఆయనకు జరగలేదు. "సభ్యత్వాలన్నీ రద్దు!" అంటూ బండమీంచి దూకాడు.

అంతే, సభ చెల్లాచెదురు. మిగిలింది తిని బలిసిన ఆచార్యులు నాలుగడుగులు వేసేసరికి తోక దొర చేతికి చిక్కింది. తోక అక్కడే వదిలి, ఆయన అడవే వదిలి పారిపోయాడు. దొర అప్పుడు వరహాలయ్య వెంటపడ్డాడు.

వరహాలయ్య కొండవైపు పరుగు తీశాడు. కొండవాలు మొదలైంది. అన్నయ్య ఆగిన చోటు వచ్చింది, దాటింది. ఆయాసం లేదు! శిఖరం ఎక్కి నిలబడి చూస్తే దొర సగం దారిలో నాలుక బయటపెట్టి కూలబడ్డాడు. వరహాలయ్యకు ఆనందంతో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బతికాడు!

కింద నుంచి దొర రొప్పుతూ అరిచాడు. "ఒరేయ్ వరహాలయ్యా! నిజం చెప్పు. ఏం తిని అలా సన్నబడ్డావురా?"

"ఉత్త మాంసం దొరా! ఒట్టు!"

"నేనూ అదేగా తిన్నాను!"

ఇద్దరికీ ఎంత ఆలోచించినా అంతుబట్టలేదు. పైనుంచి ఒకరూ, కిందనుంచి ఒకరూ దీక్షలో ఎక్కడ లోపం జరిగిందో చర్చించుకుంటూ కూర్చున్నారు. బంగారమ్మ వచ్చి మొగుడి ముందు ఉడుకుడుకు కంద పెట్టి, "ఆయన తిన్నాడు, నువ్వు పెట్టావు. ఇందులో తెలియందేముంది?" అంది.

"నీకు శాస్త్రం తెలీదు, ఊరుకోవే," అన్నాడు వరహాలయ్య. మర్నాటి నుంచి ఆయనే సంఘానికి గురువు.

నీతి: ఏ పథ్యమైనా గుణం చూపిస్తుంది, మన బదులు ఇంకొకరు తింటే.