ఒకటో తరగతి బి సెక్షన్‌లో రక్తపాతం

సోమవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు ఒకటో తరగతి బి సెక్షన్‌లో ఒక పన్ను ఊడింది. కింది వరసలో ముందు పన్ను. రెండు చుక్కల రక్తం కాపీ పుస్తకం మీద పడింది. పన్ను గల పాప వయసు ఆరేళ్లు. రోల్ నంబర్ పంతొమ్మిది.

ఇలాంటప్పుడు మామూలు బడుల్లో ఏం చేస్తారు? నోరు పుక్కిలించమంటారు. పన్నును కాగితంలో చుట్టి చేతికిస్తారు. పక్క బెంచీల వాళ్లు వచ్చి చూసిపోతారు. అయిదు నిమిషాల్లో పాఠం మళ్లీ మొదలవుతుంది. ఎంత అరాచకం!

ఈ బడిలో అలా కుదరదు. ఇక్కడ జీరో టాలరెన్స్ ఉంది. అది పిల్లలకు శిక్ష అని కొందరు పొరపడుతున్నారు. కాదండీ, అది పెద్దలకు వరం. ఆలోచించే పని నుంచి మనిషికి ఇంత శుభ్రంగా విడుదల ఇచ్చిన విధానం ఇంకొకటుందా? ఉంటే చెప్పండి, సరిదిద్దుకుంటాను.

కిందటేడు తొమ్మిదో తరగతిలో ఇద్దరు కిటికీ పక్క సీటు కోసం కొట్టుకున్నారు. ఒకడి ముక్కు వెంట రక్తం వచ్చింది. ముందు చెయ్యెత్తింది ఎవరో తేల్చడానికి కమిటీ నాలుగు గంటలు కూర్చుంది. తేలలేదు. అయిదో గంటలో నియమం పుట్టింది. బడి ఆవరణలో రక్తం కనిపిస్తే దాడి జరిగినట్టే. దాడి చేసినవారికి మూడు రోజుల సస్పెన్షన్. మూడోసారి అయితే టీసీ ఇచ్చి పంపడమే. విచారణ లేదు, మినహాయింపు లేదు. అప్పట్నుంచి ఆ కమిటీ పావుగంటకు మించి కూర్చున్న దాఖలా లేదు.

నియమంతో పాటు కంప్యూటర్‌లో ఒక ఫారం కూడా పుట్టింది. అందులో అయిదు గళ్లు. దాడి చేసినవారు, దాడికి గురైనవారు, ఆయుధం, సాక్షి, క్షమాపణ లేఖ. ఏ గడి ఖాళీగా ఉన్నా ఫారం ముందుకు కదలదు.

ఒకటో తరగతి టీచర్‌కి ఆ బడిలో పదకొండేళ్ల సర్వీసు. ఆ పదకొండేళ్లలో తన కళ్ల ముందు ఎన్ని పళ్లు ఊడాయో ఆమె ఎప్పుడూ లెక్క రాయలేదు. నిర్లక్ష్యం కాకపోతే ఏమిటి? ఆ రోజు పన్నును సుద్దముక్కల డబ్బాలో వేసుకుని, పాపను చెయ్యి పట్టుకుని, వైస్ ప్రిన్సిపాల్ గదికి వెళ్లింది.

“పాలపన్ను సార్. దానంతటదే ఊడింది.”

“రక్తం వచ్చిందా, రాలేదా?”

“రెండు చుక్కలు సార్.”

“ఎన్ని చుక్కలని ఫారం అడగలేదు మేడమ్. దాడి చేసిందెవరు?”

“ఎవరూ చెయ్యలేదు సార్.”

“ఎవరూ లేరంటే ఇది ఒప్పుకోదు. ఇదిగో, మీ ముందే నొక్కుతున్నా. చూశారా, ఎర్రగా వస్తోంది. పోనీ, ఆ పన్నును ఆఖరిసారి కదిపిందెవరు?”

టీచర్ పాప వైపు చూసింది. పాప నేల వైపు చూసింది.

“నేనే సార్. నాలుకతో.”

“అదీ! ఈ పిల్లకున్న నిజాయితీ మన స్టాఫ్‌లో సగం మందికి ఉన్నా చాలు,” అన్నారు వైస్ ప్రిన్సిపాల్.

ఫారం నిండింది. దాడి చేసినవారు: రోల్ నంబర్ పంతొమ్మిది. దాడికి గురైనవారు: రోల్ నంబర్ పంతొమ్మిది. ఆయుధం: నాలుక. సాక్షి: క్లాస్ టీచర్.

నియమం ప్రకారం ఆయుధాన్ని స్వాధీనం చేసుకోవాలి. దీనిమీద గదిలో కాసేపు చర్చ జరిగింది. చివరికి నాలుకకు బదులు పన్నును తీసుకున్నారు. కవర్‌లో పెట్టి, సీలు వేసి, పదిహేడో నంబర్ రాసి బీరువాలో పెట్టారు.

మిగతా పదహారు కవర్లలో ఏమున్నాయని అడగరేం? ఒకదాంట్లో గులాబీ ముల్లు ఉంది. సైన్స్ టీచరే తెమ్మంది. పద్నాలుగో కవర్‌లో ఒక దోమ ఉంది. ఆరో తరగతి అమ్మాయి తన చెంప మీదే దాన్ని చంపింది. చెంప మీద రక్తం కనిపించింది. దోమకు రోల్ నంబర్ లేదు గనక దాడి చేసింది ఆ అమ్మాయే అని తేలింది. కోర్టుల్లో ఏళ్ల తరబడి నానే కేసులు ఇక్కడ ఇంటర్వెల్ లోపల తేలిపోతున్నాయి!

ఇక క్షమాపణ లేఖ. పాపకు ఇంకా ఒత్తులు రావు. టీచర్ బోర్డు మీద రాసిస్తే చూసి దించింది. ‘నన్ను నేను బాధపెట్టినందుకు నన్ను క్షమించమని నన్ను కోరుతున్నాను.’ దాని కింద, బాధితురాలు క్షమించినట్టు రాయాలి.

“క్షమించకపోతే ఏమవుద్ది టీచర్?”

“మళ్లీ మొత్తం రాయాలమ్మా.”

“అయితే క్షమించేశాను.”

నాలుగో రోజున పాపను బడికి తీసుకొచ్చింది అమ్మమ్మ. ఆమె ముప్పై నాలుగేళ్లు ప్రసూతి వార్డులో నర్సుగా చేసి రిటైరైంది. మనవరాలిని ఎలకపిల్ల అని పిలుస్తుంది. వైస్ ప్రిన్సిపాల్ కూర్చోమనకముందే కూర్చుంది.

“ఏం నాయనా, రక్తం కనిపిస్తే దాడేనా?”

“రూలమ్మా. నా చేతిలో ఏం లేదు.”

“నా చేతుల్లో మాత్రం చాలా ఉంది. వేలమందిని ఈ చేతుల్తోనే బయటికి లాగాను. రక్తం లేకుండా ఒక్కడు రాలేదు. నువ్వూ అట్లా వచ్చినవాడివే. మీ అమ్మకి ఎన్ని రోజులిచ్చారు సస్పెన్షను?”

“బడి ఆవరణలో జరిగితేనే లెక్కమ్మా.”

“బతికిపోయింది మహాతల్లి. సరేలే, మా ఎలకపిల్ల పన్ను ఇటియ్యి, పోతాను. అది మొలిచినప్పుడు ముందు చూసింది నేనే.”

“అది సాక్ష్యం అమ్మా. పరీక్షలయ్యాక అప్లికేషన్ పెట్టుకోండి.”

అమ్మమ్మ లేచింది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, “ఇంకా పంతొమ్మిది ఉన్నాయి దానికి. బీరువా పెద్దది చేయించుకో,” అంది.

పన్నెండు రోజులకు డ్రాయింగ్ పీరియడ్‌లో రెండోది ఊడింది. మొదటిదాని పక్కదే. పాత నేరచరిత్ర ఉంది గనక ఫారం త్వరగా నిండింది. ఈసారి పాప క్షమాపణ లేఖను బోర్డు చూడకుండానే రాసింది. ‘క్ష’ చక్కగా కుదిరింది. క్రమశిక్షణ వల్ల చదువు రాదనేవాళ్లు ఇప్పుడేమంటారు?

ఆ సాయంత్రం టీచర్ స్టాఫ్ రూమ్‌లో కూర్చుని మార్కుల షీటు వెనక ఒక లెక్క వేసింది. క్లాసులో ముప్పై ఎనిమిది మంది. ఆరేళ్ల వయసు. తలా మూడు పళ్లు ఊడితే ఏడాది పరీక్షలకు క్లాసులో ఎంతమంది మిగులుతారు? ముగ్గురు. ఆ ముగ్గురికీ పళ్లు ఆలస్యం.

ఆమె లెక్కను జతచేసి, పాలపళ్లకు మినహాయింపు ఇవ్వాలని కమిటీకి ఉత్తరం రాసింది. రెండో రోజే జవాబు వచ్చింది. ‘ఈ రోజు పాలపన్ను అంటారు, రేపు జ్ఞానదంతం అంటారు. హద్దు ఎక్కడ?’ ఎంత దూరదృష్టి! ఒకటో తరగతిలో జ్ఞానదంతం వచ్చే ప్రమాదాన్ని ఇంతకుముందు ఎవరైనా ఊహించారా?

ఫలితాలు కూడా కనిపించాయి. ఇదివరకు పన్ను ఊగుతున్నవాడే క్లాసుకు రాజు. మిగతావాళ్లు వేలితో కదిపి చూడటానికి వరస కట్టేవాళ్లు. ఇప్పుడు టీచర్ “ఎవరి పన్ను ఊగుతోందర్రా?” అని అడిగితే ఒక్క చెయ్యి లేవలేదు. అవును, కాదు అనేవి తలతోనే చెప్పసాగారు. పద్యం అప్పజెప్పమంటే పెదవులు బిగించి మూలిగారు. రౌండ్‌కి వచ్చిన ప్రిన్సిపాల్ ఆ నిశ్శబ్దానికి ముచ్చటపడి, ‘ఉత్తమ క్రమశిక్షణ గల తరగతి’ అని తలుపు మీద స్టిక్కర్ అంటించారు.

మరో మూడు వారాలకు, మంగళవారం, పాప నీళ్లు తాగుతుంటే టీచర్ చూసింది. పై వరసలో ముందు పన్ను ఒక పక్కన మాత్రమే పట్టుకుని ఉంది. అది మూడోది.

బుధవారం ఆయా వచ్చి చెప్పింది. “టీచరమ్మా, పంతొమ్మిదో నంబరు పాప డబ్బా మూత తియ్యటం లేదు. నిన్నా అంతే. నిండుగా తెచ్చి నిండుగా తీసుకుపోతోంది.”

టీచర్ లంచ్‌లో పాప పక్కన కూర్చుంది.

“ఆకలి లేదా తల్లీ?”

పాప తల ఊపింది. ఉందని.

“మరి తినవేం? నోరు తెరిచి చెప్పు.”

పాప నోరు తెరవలేదు. పెన్సిల్ తీసుకుని కాపీ పుస్తకంలో రెండక్షరాలు రాసింది. ‘టీసీ’.

టీచర్ ఆ పేజీని చాలాసేపు చూసింది. ఎర్ర పెన్ను చేతిలోనే ఉంది. దిద్దడానికి అందులో తప్పేమీ లేదు.

సాయంత్రం గేటు దగ్గర అమ్మమ్మను ఆపింది. “పెద్దమ్మగారూ, ఇంట్లోనే తీసెయ్యండి. ఇంట్లో అయితే వీళ్లకి లెక్క లేదు.”

“తియ్యలేకనా అమ్మా! దారం తెచ్చేసరికి మంచం కిందికి దూరింది. ‘అమ్మమ్మా, నీకు కూడా ఫారం రాస్తారు, నిన్ను కూడా పంపించేస్తారు’ అని ఒకటే ఏడుపు. రెండు రోజుల్నించి నీళ్లు, పాలు, అంతే. ఎంతమందికి పురుళ్లు పోశాను, ఇట్లాంటి మొండిఘటాన్ని చూళ్లేదు.”

గురువారం పన్ను పడలేదు. పాప తినలేదు.

శుక్రవారం టీచర్‌కి డ్యూటీ పడింది. ‘జీరో టాలరెన్స్: తర్వాతి మెట్టు’ అనే వర్క్‌షాప్. వెళ్లలేనని అడిగింది. గైర్హాజరును సహించేది లేదన్నారు. అలా ఆ రోజు పదకొండు గంటలకు ఆమె ఇంకో భవనంలో, ఆరో వరసలో కూర్చుని, స్లైడ్‌లు చూస్తూ ఒక పన్ను గురించి ఆలోచించింది.

అదే సమయానికి బి సెక్షన్‌లో టీచర్ లేకపోవడంతో వైస్ ప్రిన్సిపాల్ స్వయంగా వచ్చారు. ఆ తర్వాత జరిగింది గుమ్మం దగ్గరున్న ఆయా చెప్పిన మాట. సోమవారం టీచర్ ముప్పై ఏడుమంది సాక్షుల్ని విడివిడిగా అడిగింది. ఎవరి మాటా తేడా రాలేదు.

ఆయన పుస్తకం తెరిచి రోల్ నంబర్ పంతొమ్మిదిని చదవమన్నారు. పాప నిలబడింది. చదవలేదు.

“నోట్లో ఏమైనా పెట్టుకున్నావా?”

పాప తల ఊపింది. అవుననో, కాదనో తెలియలేదు.

“తీసెయ్ బయటికి. నోరు తెరు. నీకేనమ్మా చెప్పేది, నోరు తెరిచి గట్టిగా చదువు!”

పాప నోరు తెరిచింది. మొదటి పదం సగంలో ఉండగా పన్ను ఎగిరి వైస్ ప్రిన్సిపాల్ బూటు మీద పడింది. వెనకే రక్తం, గడ్డం మీదుగా.

పాప ఏడవలేదు. చేతులు కట్టుకుని, “నేనే సార్. నాలుకతో,” అంది.

వెనక బెంచీ లేచింది. “కాద్సార్! అది చదవనంది. మీరే నోరు తెరవమన్నారు. దాడి చేసింది మీరే సార్!”

“ఆయుధం పాఠం సార్,” అన్నాడు పక్కవాడు.

“సాక్షులం మేమందరం!”

“సార్, ఆఫీసుకెళ్లి ఫారం అడిగి రానా?”

“లెటర్ నేను చెప్తా సార్, నాకు నోటికొచ్చు. ‘క్ష’ రాకపోతే పాపని అడగండి.”

ఇక్కడి నుంచి రాయడానికి చెయ్యి రావడం లేదు. ఏడాదిపాటు నిలబెట్టిన క్రమశిక్షణ ఒక్క నిమిషంలో కూలిపోయింది. వైస్ ప్రిన్సిపాల్ తలుపు వైపు చూశారు. స్టిక్కర్ అంటించినవారు ఎవరూ అక్కడ లేరు. ఆయన వంగి, బూటు మీది పన్ను తీశారు. పాపను కుళాయి దగ్గరికి తీసుకెళ్లి నోరు కడిగారు. అంత పెద్ద హోదాలో ఉండి, చేతిరుమాలుతో పాప గడ్డం తుడిచారు. పన్నును కాగితంలో చుట్టి, పాప గౌను జేబులో పెట్టారు. విచారణ లేదు, సీలు లేదు, నంబర్ లేదు!

తిరిగొచ్చి క్లాసుకు చెప్పారు. “ఎవరూ ఏమీ చూళ్లేదు. అర్థమైందా?”

“చూశాం సార్!”

ఆయన కుర్చీలో కూర్చున్నారు.

“సరే. చూశారు. ఇంకా ఎవరివి ఊగుతున్నాయి?”

ఎవరూ కదల్లేదు. తర్వాత మూడో బెంచీలో ఒక చెయ్యి లేచింది. ఇంకొకటి. ఆయా లెక్క ప్రకారం మొత్తం ఇరవై రెండు. మిగతా పీరియడ్ అంతా ఆయన చదువు చెప్పలేదు. ఒక్కొక్క బెంచీ దగ్గరికి వెళ్లి, ఒక్కొక్క నోట్లోకి చూస్తూ, “ఇది వారం ఆగుద్ది, ఇది రేపే,” అని చెప్పుకుంటూ పోయారు. తన రెండో పన్ను తలుపుకి దారం కట్టి వాళ్ల అన్నయ్య లాగాడని కూడా చెప్పారట. దీనికి ఆధారం పిల్లల మాట తప్ప ఇంకేమీ లేదు.

ఆ రోజు కంప్యూటర్‌లో ఏ ఫారమూ నమోదు కాలేదు. కమిటీకి సమాచారం అందలేదు. నియమంలో మార్పు లేదు.

సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు టీచర్ హాజరు తీసుకుంది. పంతొమ్మిది అనగానే పాప లేచి, “ప్రెజెంట్ టీచర్,” అంది. మాట మధ్యలో గాలి పోయింది.