గడ్డివామి వాలు అరవై రెండు డిగ్రీలు

భూమి తన ఎత్తుపల్లాలను తానే నిర్ణయించుకునే అరాచక కాలం అంతరించింది. ఇప్పుడు ఏది మిట్టో, ఏది పల్లమో నందిగామలోని వాలు వంపుల నిర్ధారణ కార్యాలయం కంప్యూటర్లో చూసి చెబుతుంది. భూమి అందుకు తగ్గట్టు సర్దుకోవాలి.

వత్సవాయి పత్తి రైతు ఏసురత్నం పొలం సర్దుకోలేదు. గోళీ పెట్టినా దొర్లనంత చదునైన ఆ రెండెకరాలు పటంలో కొండగా తేలాయి. వాలు అరవై రెండు డిగ్రీలు. వంపు, బయటికి ఉబ్బెత్తు. ముప్పై దాటితే పంట నమోదు చేయరు. నమోదు లేనిదే కొనుగోలు కేంద్రంలో పత్తి తీసుకోరు. కడుపు మండిపోయి ఏసురత్నం నందిగామ బస్సెక్కాడు.

"కొండేంటి సార్! అది మా గడ్డివామండి. పైనుంచి ఫొటో తీసినప్పుడు పడుంటది."

వాలు అధికారి భవానీప్రసాద్ మర్యాదస్తుడు. (వంపుల అధికారి సెలవులో ఉన్నందున వంపులూ ఆయనే చూస్తున్నారు.)

"చూడండి ఏసురత్నంగారూ, సాఫ్ట్‌వేర్‌కి గడ్డీ తెలీదు, గట్టూ తెలీదు. ఎత్తుగా ఉంటే కొండే."

"అయితే వామి తీసేస్తానండి."

"కొండ తీయాలంటే గనుల అనుమతి కావాలండి."

అయినా అన్యాయం జరగకూడదని ఆయన స్వయంగా పొలానికి వచ్చారు. వామి ఎక్కారు. జారారు. కిందపడ్డ చోటే కూర్చుని, 'వాలు నిర్ధారణ అయినది' అని రాసుకున్నారు. పక్కనే రెండు గేదెలు వామి పీక్కు తింటున్నాయి. అనుమతి లేకుండా కొండ తవ్వుతున్నందుకు వాటికి అక్కడికక్కడే నోటీసు ఇచ్చారు. (అవి దాన్నీ తిన్నాయి. నోటీసు అందినట్టు నమోదైంది.)

ఏసురత్నానికి నవ్వు ఆగలేదు, ఏడుపూ ఆగలేదు. సంగతి తెలిసి ఊళ్లోవాళ్లంతా తమ గేదెల్ని తోలుకొచ్చారు. వారంలో కొండ మాయమైంది. వెంటనే కొత్త ఫొటోకి అర్జీ పెట్టాడు. ఈలోగా తీసిన పత్తి ఇంట్లో పట్టక చేలోనే కుప్ప పోశాడు.

కొత్త పటం రాగానే భవానీప్రసాద్‌గారే ఫోన్ చేశారు.

"మీ పాత కొండ పోయిందండి. పక్కన ఇంకోటి వచ్చింది. తెల్లగా ఉంది. ఈ చుట్టుపక్కల మొట్టమొదటి మంచుకొండ, అభినందనలు!"

"సార్, అది నా పత్తండి!"

"అభ్యంతరాలుంటే రాసివ్వండి."

మర్నాడు ఏసురత్నం పత్తిని ట్రాక్టరుకెత్తి, ఆ కొత్త పటం కూడా పట్టుకుని జగ్గయ్యపేట దారిలో ఉన్న కొనుగోలు కేంద్రానికి వెళ్లాడు. వాళ్లు పటం చూశారు. ట్రాక్టరులో పత్తి చూశారు. మళ్లీ పటం చూశారు.

మంచు కొనబోమని మర్యాదగా చెప్పారు.