భయాల మేడకు చవక లీడ్లు

గురువారం పొద్దున గడ్డం గీసుకుంటూ ప్రకటనలాయన ఒక చిన్న పథకం వేసుకున్నాడు. చిన్నదే. ఫోనులో కనిపించే ప్రకటనలో బొమ్మ మార్చాలి, అంతే. ఆ మాత్రానికే రెండుచోట్ల గడ్డం తెగిందంటే లోపల ఎంత గుబులుగా ఉందో మీరే ఊహించుకోండి.

"ఇల్లు ఖాళీ చెయ్యడానికి ఇంక పద్దెనిమిది రోజులే ఉందండీ!" వంటింట్లోంచి భార్య కేకేసింది. "ఇవాళైనా నాలుగిళ్ళు చూసొస్తారా?"

"ఆదివారం దాకా నన్ను కదపకే. ఆదివారం గట్టెక్కితే ఇల్లేం ఖర్మ, వీధి వీధే చూస్తాను."

అతని గుబులుకు కారణం ఉంది. అతను పనిచేసేది భయాల మేడలో. మూడంతస్తుల పాత భవనం, తొమ్మిది చీకటి గదులు. టిక్కెట్టు కొని లోపలికెళ్తే దయ్యాల వేషగాళ్ళు మీదికి దూకుతారు. జనం కేకలు పెట్టి, బయటికొచ్చి నవ్వుకోవాలి. ఈ మధ్య కేకలు పెట్టడానికి జనమే రావడం లేదు. ప్రకటన చూసి ఆసక్తి కలిగినవాళ్ళు తమ పేరూ ఫోను నంబరూ రాసిస్తే దాన్ని లీడు అంటారు. ఒక్కో లీడుకు ప్రకటన ఖర్చు నూటపది రూపాయలు పడుతోంది. ఆ నూటపది దగ్గరే యజమానికి కళ్ళు తిరిగాయి.

"ఏమయ్యా, నంబరు ఇచ్చినందుకే నూటపదా? వాళ్ళింటికి బండి పంపి మోసుకొచ్చినా ఇంతవదు కదా! ఆదివారం లోపల ముప్ఫైకి దించు. లేకపోతే ఆ కుర్చీలో మా బామ్మర్ది కూర్చుంటాడు."

ఆ బామ్మర్ది అప్పటికే రెండుసార్లు వచ్చి కుర్చీ ఎత్తు సరిచేసుకుని వెళ్ళాడు.

ప్రకటనలాయన పని మొదలుపెట్టాడు. మేడ కిటికీలో జుట్టు విరబోసుకున్న దయ్యం ఉన్న బొమ్మను, జనం జడుసుకుంటారంటూ ఫోనులో ప్రకటనలు వేసే కంపెనీవాళ్ళు తిప్పికొట్టారు. దయ్యాన్ని తుడిచేశాడు. లీడు డెబ్భైకి దిగింది. బొమ్మమీద అక్షరాలు ఎక్కువయ్యాయన్నారు. మేడ పేరు తీసేశాడు. యాభై. టిక్కెట్టు ధర తీశాడు. నలభై. గుండెజబ్బు వాళ్ళు రావద్దన్న హెచ్చరికను తీసుకెళ్ళి టిక్కెట్ల కిటికీ మీద అంటించాడు. ముప్ఫైఎనిమిది. ఆఖరికి శుక్రవారం మధ్యాహ్నం, చీకటి మేడకు ఎండ పూసి, గోడలు తెల్లగా మెరిసేట్టు చేసి, కింద ఇలా రాశాడు: 'మూడంతస్తులు, తొమ్మిది గదులు. కుటుంబంతో సహా వచ్చి చూసుకోండి. ఆదివారం పదింటికి తలుపులు తెరుస్తాం.'

సాయంత్రానికి లీడు నాలుగు రూపాయలు! నలభై కాదు, నాలుగే. పన్నెండు వందల మంది నంబర్లిచ్చారు.

యజమాని పరుగున వచ్చి అతని భుజం మీద చరిచాడు. "ఇన్నాళ్ళూ ఇంత విద్య ఎక్కడ దాచావయ్యా? మాటంటే మాటే. ఈ కుర్చీ నీదే!"

ప్రకటనలాయన నవ్వి, కుర్చీ ఎత్తు మళ్ళీ తనకు సరిపెట్టుకున్నాడు. శనివారం పొద్దున మొదటి ఫోను మోగింది. ఎవరో పెద్దావిడ.

"బాబూ, నీళ్ళు వస్తాయా?"

"మూడో గదిలో వస్తాయండీ. ఎర్రగా."

"తుప్పా?"

"కాదండీ, మేమే రంగు కలుపుతాం."

"అయ్యో రాత! పోనీ, వెలుతురో?"

"అస్సలుండదండీ. మా ప్రత్యేకతే అది."

"పై వాటాలో ఎవరుంటారు?"

"ముగ్గురు దయ్యాలండీ."

"ఇప్పుడు మా నెత్తిమీదున్నవాళ్ళూ అంతేలే నాయనా. సర్దుకుపోతాం."

ఫోను పెట్టేశాక కూడా అతనికి ఏమీ తట్టలేదు. రెండో ఆయన, బట్టలు ఆరేసుకోను డాబా మీద తీగ ఉందా అని అడిగాడు. అప్పుడు తట్టింది. తట్టడమంటే మామూలుగా కాదు, తలుపు విరిగేట్టు తట్టింది. ప్రకటన తీసి చూసుకున్నాడు. దయ్యం లేదు, పేరు లేదు, టిక్కెట్టు లేదు. తెల్లటి గోడలూ తొమ్మిది గదులూ ఉన్నాయి. తన చేత్తో తనే పన్నెండు వందల మందికి అద్దెకు ఇల్లు చూపించాడు!

యజమాని గది గుమ్మం దాకా మూడుసార్లు వెళ్ళాడు. మూడుసార్లూ లోపల్నుంచి బామ్మర్ది నవ్వు వినిపించి వెనక్కి వచ్చేశాడు. ఈసురోమంటూ ఇంటికి చేరేసరికి భార్య మొహం వెలిగిపోతోంది.

"ఇల్లు దొరికిందండీ! ఫోనులో చూశాను. మేడ ఎంత తెల్లగా ఉందనుకున్నారు! రేపు పదింటికి రమ్మన్నారు. అన్నయ్య కొలతల టేపు పట్టుకుని వస్తానన్నాడు. మీరు ఎలాగూ ఆ సినిమావాళ్ళ ఆఫీసు వదిలి రారు కదా."

అతను మంచం మీద కూలబడ్డాడు. దయ్యాల కొలువని చెప్పలేక, సినిమావాళ్ళ ఆఫీసని ఆరేళ్ళ కిందట చెప్పిన అబద్ధం అది. దాన్ని ఇప్పుడు విప్పే బదులు దుప్పటి ముసుగు తన్నాడు.

ఆదివారం పదింటికి మేడ ముందు వీధి మలుపు దాకా జనం. చంటిపిల్లలు, ముసలివాళ్ళు, టేపులు. ఒకాయన ఏకంగా తన బీరువా కొలతలు కాగితం మీద రాసుకొచ్చాడు. టిక్కెట్ల కిటికీ వైపు ఒక్కరూ చూడలేదు. ఇల్లు చూడటానికి టిక్కెట్టేమిటని కావలివాణ్ణి పక్కకు జరిపి లోపలికి పోయారు.

అయిదు నిమిషాల్లో పెద్దదయ్యం వేషగాడు ఆయాసపడుతూ ప్రకటనలాయన దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. పదేళ్ళ అనుభవం ఉన్న దయ్యం.

"నావల్ల కాదు బాబూ! మీదికి దూకి అరిస్తే, ఆ ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని, 'నువ్వేనా ఖాళీ చేస్తున్నది? ఎప్పుడు వెళ్తావు నాయనా?' అంటోంది. ఇంకో ఆయన నన్ను పక్కకు తోసి గోడ చెమ్మగా ఉందేమోనని తడిమి చూస్తున్నాడు. నా బతుకులో ఇంత అవమానం లేదు!"

ప్రకటనలాయన తెర వెనక దాక్కున్నాడు. తెర అవతల తెలిసిన గొంతు వినబడి అతని పై ప్రాణాలు పైనే పోయాయి.

"అన్నయ్యా, ఈ శవపేటిక చూడు, దుప్పట్లు పెట్టుకోను ఎంత బావుందో! ఈ తెర మాత్రం మార్చాలి." అంటూ భార్య తెర లాగింది. ఇద్దరూ మొహామొహాలు చూసుకున్నారు.

"ఏమండీ! నాకన్నా ముందే వచ్చేశారా ఇల్లు చూడ్డానికి? ఇన్నేళ్ళకు మీకు సంసారం మీద ధ్యాస కుదిరిందన్నమాట!"

"ఇల్లు చూడ్డమేమిటమ్మా? ఇతను మా మనిషి." యజమాని బామ్మర్దిని వెంటేసుకుని వచ్చి నిలబడ్డాడు. "ఏమయ్యా, ఇంత జనం వచ్చారు, ఒక్క టిక్కెట్టూ తెగలేదు! ఏమిటీ జాతర?"

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. తుడిచిన దయ్యం దగ్గర్నుంచి ఆరేళ్ళ అబద్ధం దాకా గడగడా అంతా కక్కేశాడు. బామ్మర్ది కళ్ళు అప్పుడే కుర్చీని వెతుకుతున్నాయి. భార్య మొగుడి వైపు చూసిన చూపుకు పక్కనే ఉన్న పెద్దదయ్యం రెండడుగులు వెనక్కి వేశాడు. అయితే ఆవిడ యజమాని వైపు తిరిగింది.

"వీరి సంగతి ఇంటికెళ్ళాక చూసుకుంటాను. మీరు చెప్పండి బాబాయిగారూ. ఈ మూడో అంతస్తుకు అద్దె ఎంతైతే ఇస్తారు?"

యజమాని బయట వీధి దాకా ఉన్న జనాన్ని చూశాడు. లోపల ఖాళీ టిక్కెట్ల పెట్టెను చూశాడు. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. ఆపైన, ఏళ్ళ తరబడి అలవాటు లేని మెత్తటి గొంతుతో, "కూర్చోండమ్మా, కూర్చుని మాట్లాడుకుందాం," అన్నాడు.

నెల తిరక్కుండా కిటికీలు తెరుచుకున్నాయి, గోడలకు నిజంగానే సున్నం పడింది, మేడలో కాపురాలు దిగాయి. మూడో అంతస్తులో దిగింది ప్రకటనలాయన సంసారమే. పెద్దదయ్యం గేటు దగ్గర కావలికి కుదిరాడు. యజమాని కూడా మాట తప్పలేదు. కుర్చీ ప్రకటనలాయనకే ఉంచాడు. మేడ నిండిపోయింది గనక, నంబర్లిచ్చిన మిగతావాళ్ళు ఫోను చేస్తే ఇల్లు లేదని చెప్పి తిట్లు తినడమే ఇప్పుడతని ఉద్యోగం. ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడి, చెమటలు తుడుచుకుని ఎత్తుతాడు.

గేటు దగ్గర్నుంచి అది చూస్తూ పెద్దదయ్యం నిట్టూర్చాడు: "పదేళ్ళు అరిచాను బాబూ. ఈ మేడలో నిజంగా భయపడ్డ మనిషిని ఇప్పుడే చూస్తున్నాను."