కనిపెట్టుకుని ఉండే కాలం

డిసెంబరు మొదటి ఆదివారం ఉదయం టీ తాగుతూ, ఈ ఏడాది తన ఇంట్లో క్రిస్మస్ ఎలా జరగాలో శుభాకర్ నిర్ణయించాడు. ఆయన జయపురంలో ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఊళ్ళో క్రైస్తవులందరూ ఒకటో తారీకు నుంచే పాటలు పాడి, కేకులు తిని, ఇరవై ఆరుకల్లా పండగను మడిచి అటకెక్కించేస్తున్నారని ఆయన బాధ చాలా ఏళ్ళది.

“ఇరవై అయిదుకి ముందు నాలుగు వారాలూ ఆగమన కాలం. ప్రభువు రాక కోసం కనిపెట్టుకుని ఉండాలి. పండగ ఇరవై అయిదునే మొదలవుతాది. పన్నెండు రోజులు. ఆ మర్నాడు, జనవరి ఆరు, బాలయేసుని సూడ్డానికి జ్ఞానులు వచ్చిన రోజు. అంతవరకూ సేసుకోవాలి,” అన్నాడు భార్యతో.

వసంతకుమారి ఆసుపత్రిలో నర్సు. డ్యూటీకి వెళ్ళే తొందరలో ఉంది. “ఏటండీ, ఊరంతా నక్షత్రాలు ఎలుగుతుంటే మనిల్లొకటీ సీకటిగా ఉంటే బాగుంటాదా?” అని మాత్రం అంది.

బాగుండటం ముఖ్యం కాదన్నాడు శుభాకర్. డాబా మీద అప్పటికే కట్టిన నక్షత్రాన్ని విప్పేశాడు. రాత్రి భోజనం కూడా మానేశాడు.

నక్షత్రం విప్పుతుండగా పక్కింటి భావనారాయణ చూశాడు. ఆయన రిటైరైన తాసిల్దారు. “అదేటి మాస్టారూ, పండగ ముందు తీసెత్తన్నారు?” అని అడిగాడు.

“ఇది సంతోషించే కాలం కాదండి. కనిపెట్టుకుని ఉండే కాలం,” అన్నాడు శుభాకర్ గంభీరంగా.

భావనారాయణకు తెలిసిన తెలుగులో కనిపెట్టుకుని ఉండేది రోగి మంచం పక్కన. ఎవరికని అడగటం మర్యాద కాదు కాబట్టి అడగలేదు. కానీ, మాచ్‌ఖండ్‌లో మాస్టారి అత్తగారికి జలుబు చేసిందని కిందటి వారమే వసంతకుమారి ఆయన భార్యతో అంది. సాయంత్రానికి ఆ జలుబు చాలా దూరం వెళ్ళింది.

మూడో రోజు సాయంత్రం చర్చి కుర్రాళ్ళు పాటలు పాడటానికి వచ్చారు. వాళ్ళ పెద్ద ప్రసన్న కుమార్ బ్యాంకులో గుమాస్తా. గేటు దగ్గరే శుభాకర్ చెయ్యి అడ్డం పెట్టి, “ఇప్పుడు పాటలొద్దు బాబూ. ఇరవై అయిదు దాటనీ,” అన్నాడు.

ప్రసన్న కుమార్ ముఖం వాడిపోయింది. డాక్టర్లు గడువు కూడా చెప్పేశారన్నమాట. డోలక్ చంకన పెట్టుకుని, మిగిలినవాళ్ళకు సైగ చేసి, గేటు బయటే తలలు వంచి ప్రార్థన చేయించి, చప్పుడు కాకుండా వెళ్ళిపోయాడు.

“సూసేవా, అర్థమయ్యేలా సెప్తే వింటారు,” అన్నాడు శుభాకర్ భార్యతో.

మర్నాటి నుంచి చర్చి ఆడవాళ్ళు వంతులేసుకుని క్యారియర్లు తెచ్చి, ఏమీ మాట్లాడకుండా వసంతకుమారి భుజం నిమిరి వెళ్ళసాగారు. బాధలో ఉన్నవాళ్ళను కదపకూడదని ఎవరూ ఏమీ అడగలేదు. ఉపవాసం ఉన్నవాళ్ళను గౌరవిస్తున్నారని శుభాకర్ అనుకున్నాడు.

ఇరవయ్యో తారీకున ప్రసన్న కుమార్ ఉండబట్టలేక మాచ్‌ఖండ్ ఫోను చేశాడు. పవర్‌హౌస్‌లో పనిచేసే సంజయ్ కుమార్, వసంతకుమారి తమ్ముడు, ఎత్తాడు.

“అమ్మగారికి ఎలాగుంది?”

సంజయ్ వంటింట్లోకి చూశాడు. వాళ్ళమ్మ దొర్కమ్మ అరిసెలు వత్తుతోంది. “బాగానే ఉంది. ఏటి?”

“అయితే మాస్టారింట్లో బాగోనిది ఎవరికి?” అన్నాడు ప్రసన్న కుమార్. దీపాలు లేని ఇల్లు, తిండి మానేసిన మనిషి, ఇరవై అయిదు గడువు, అన్నీ చెప్పాడు. గడువు చెప్పింది స్వయంగా శుభాకరే కాబట్టి ఇక అనుమానానికి తావు లేకపోయింది.

అక్క గుండె దిటవు చేసుకుని దాస్తోందనుకుని సంజయ్ ఆమెకు ఫోను చేయలేదు. పదిహేను రోజులు సెలవు పెట్టి, చుట్టాలందరికీ కబురు పంపాడు.

ఇరవై మూడు ఉదయం జయపురం బస్సులోంచి, దారిలో నందపూర్‌లో ఎక్కినవాళ్ళతో కలిపి, పద్నాలుగు మంది దిగారు. తలుపు తీసిన శుభాకర్ మూడు వారాల ఉపవాసంతో నిజంగానే సగమయ్యాడు. దొర్కమ్మ ఆయన రెండు చేతులూ పట్టుకుని కూలబడింది.

“ఎంత సిక్కిపోయేవు నాయినా.”

“ఎవరికేటయింది అత్తయ్యా?” అన్నాడు కంగారుగా శుభాకర్.

“నీకే.”

విషయం విప్పడానికి గంట పట్టింది. పాలిపోయిన ముఖంతో వసంతకుమారి భర్తను ఒక్క చూపు చూసి టీ పెట్టడానికి వెళ్ళింది. “అయితే సావు లేదన్నమాట,” అన్నాడు నందపూర్ పెదనాన్న, సెలవు వృథా అయిన ఉద్యోగిలా.

దొర్కమ్మ కళ్ళు తుడుచుకుంది. “ఇంతకీ పండగ ఎన్నాళ్ళన్నావు బాబూ?”

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. శుభాకర్ తనను తాను ఆపుకోలేకపోయాడు. “పన్నెండు రోజులు అత్తయ్యా. ఆపైన జ్ఞానుల రోజు. జ్ఞానులు కూడా దూరం నుంచి, కబురంది వచ్చినోళ్ళే.”

“మనలాగే,” అంది దొర్కమ్మ. “అయితే ఆరో తారీకు దాకా ఉందుం.”

“నాకూ తప్పదు బావా,” అన్నాడు సంజయ్. “నీకు సీరియస్ అని సెలవు పెట్టేను. రెండ్రోజుల్లో ఎల్తే బాగోదు.”

రెండు గదుల ఇంట్లో పదహారు మంది పన్నెండు రోజులూ పండగ చేసుకున్నారు. ఊళ్ళో అన్ని ఇళ్ళలోనూ పాటలు ఆగిపోయాక ఆ ఇంట్లో జోరందుకున్నాయి. శుభాకర్ వరండాలో బెంచీ మీద పడుకున్నాడు. కనిపెట్టుకుని ఉండటమంటే ఏమిటో ఆయనకు రోజూ పొద్దున్నే స్నానాల గది ముందు బోధపడింది. అయినా నాలుగో రోజు దొర్కమ్మ, “మీ మావ పోయేక నా మనుషులందర్నీ ఒక్కసోట సూడటం ఇదే మొదలు నాయినా,” అన్నప్పుడు ఆయనే వెళ్ళి అందరి స్నానాలకూ నీళ్ళు తోడాడు. ఆ మాట తొమ్మిదో రోజు వరకూ పనిచేసింది.

ఏడో తారీకున బస్సెక్కుతూ దొర్కమ్మ మెట్టు మీద ఆగింది. “నాయినా, నీకన్నీ తెలుసు గదా. మరి ఈస్టరు ఎన్నాళ్ళు?”

“ఒక్క పూటే అత్తయ్యా,” అన్నాడు శుభాకర్.

ఈస్టరు కాలం యాభై రోజులని ఏటేటా సండేస్కూలు పిల్లలకు చెప్పేది ఆయనే.