అవ్వ గడపపై అగరుబత్తి పుల్లల దండయాత్ర

శ్రావణ మేఘములు శామీర్‌పేట చెరువు నీటిని కడుపునిండ త్రాగి, కరీంనగర్ రహదారిపై లారీల వెంట పరుగిడుచు వచ్చి, అలియాబాద్ గ్రామమున మా రేకుల ఇంటిమీద మోహరించిన ఆ ఆదివార మధ్యాహ్నమున గృహమునందు ఉన్నవారు వీరు: నులక మంచముపై ఆసీనురాలైన ఐలమ్మ, మా అవ్వ, గడపకు ఏకైక సంరక్షకురాలు; గోదాము డ్యూటీ దిగివచ్చి బనియనుతో విశ్రమించుచున్న జంగయ్య, మా బాపు; పొయ్యి ముందు మక్కగారెలు వేయుచున్న సత్యమ్మ, మా అమ్మ; మచ్చ బొల్లారము నుండి రెండు బస్సులు మారి, నా భవిష్యత్తును సంచిలో పెట్టుకొని వచ్చిన దుర్గాబాయి, బాపుకు అక్క, నాకు అత్త; మూలన, పదవ తరగతి గెలిచియు నోరు తెరచుటలో మాత్రము గెలవలేకపోయిన శృతి, అనగా నేను.

వీరుగాక ఇంకొకరు కలరు. తలుపు.

వానకు ఉబ్బినదో, గర్వమునకు ఉబ్బినదో తెలియదు గాని, ఎవరు ఎంత తోసినను జానెడు దూరమున ఆగి, గడపను కరచిపట్టుకొని, కిర్రుమని నవ్వు దుష్టకవాటమది. దాని అడుగును బాపు చిత్రిక పట్టించెను. మరల పట్టించెను. ప్రయోజనము లేదు. ఏలయన, ప్రతి దసరాకు మా అవ్వ పాత రంగు గీకకుండ దానిపైననే గడపకు కొత్త పసుపు రంగు వేయును. గీకినచో లక్ష్మి లేచిపోవునట. గడప ఏటేట ఎదుగుచుండ, తలుపు ఏటేట వాలుచుండ, ఆ రెండు సైన్యముల నడుమ మేము రాత్రులు బియ్యం బస్తాను అడ్డుపెట్టి నిద్రించువారము.

దుర్గాబాయి మక్కగారె కొరికి యుద్ధభేరి మ్రోగించెను.

“జంగా, పొల్లకు మస్తు మార్కులొచ్చినయ్. అల్వాల్ల ఇంటర్ల ఎయ్యి. రెండేండ్లు ఇంటరు, నాలుగేండ్లు ఇంజినీరింగు. మా ఇంట్లనే ఉంటది, నేను సూస్కుంట.”

“అది ఐటీఐ అంటాందక్కా. ఫిట్టర్ నేర్సుకుంటదట. రేపే ఆఖరు,” అనెను బాపు.

“ఫిట్టరా! ఆడిపిల్ల రెంచి పట్టుకొని తిరుగుతదా? మీ ఇంట్ల తలుపే పడ్తలేదు, ఇది కంపెనీల మిషన్లు బిగిస్తదా?”

అంతట నా హృదయసింహాసనమునుండి నేను లేచి ఇట్లు గర్జించితిని: “ఓ దుర్గాబాయీ! మచ్చబొల్లారవాసినీ! ఇనుము నా చెలికత్తె, మర నా మాతృభాష! ఆరేండ్లు పుస్తకములో చక్రము బొమ్మ చూచుటకంటె, రెండేండ్లు చక్రమునే చేతపట్టి త్రిప్పుట నాకు ప్రియము! తలుపేమి, కోట ద్వారమునైనను బిగింతును!”

ఇంత గర్జనయు గొంతు దాటునప్పటికి ఒక్క మాటగా మిగిలెను.

“బిగిస్త.”

“ఏందీ?” అనెను బాపు.

“తలుపు... నేను బిగిస్త.”

బాపు నన్ను చూచెను, అక్కను చూచెను. “సరే. పొద్దుమూకేటాల్లకు గా తలుపు పడాలె. పడితె రేపు మేడ్చల్ బస్సెక్కిస్త, ఐటీఐల చేరు. పడకుంటె అత్త ఎంబడి అల్వాల్ పో. ఇగ నన్ను ఇద్దరు పరేషాన్ చెయ్యకుండ్రి.”

“గడప మీద చెయ్యేసినవంటె తోలు తీస్త, పోరీ,” అని అవ్వ యుద్ధధర్మమును ప్రకటించెను.

బాపు బండి డిక్కీనుండి స్క్రూడ్రైవరును ఖడ్గమువలె దూసి, నేను శత్రువు పాదములకడ కూలబడితిని. కూలబడి చూచితిని. గడప పసుపు రంగు తలుపు అడుగున అంతట అంటలేదు; గడియవైపు మూలన మాత్రమే అంటినది. మూల వాలినదనగా పైన పట్టు వదలినది! ఇన్నాళ్ళు మేము పాదములు చెక్కితిమి, రోగము భుజమున ఉండెను! పీట ఎక్కి చూడగా, తలుపును ద్వారబంధమునకు పట్టియుంచు పై ఇనుప బందు నోరు తెరచియున్నది. దాని మరలను త్రిప్పితిని. త్రిప్పిన కొలది తిరుగును గాని బిగియవు. రంధ్రములు వెడల్పై, కొరుకుటకు లోపల కర్రయే లేదు.

“అయిందా ఫిట్టరమ్మా?” అనెను అత్త. “బట్టలు సర్దుకో మరి.”

నా కన్నుల యందు సప్తసముద్రములు పొంగినవి. వాటిని దాచుటకు ముఖము గోడవైపు త్రిప్పగా, దేవుని గూటిలో రేకు డబ్బా కనబడెను. దేవుని ముందు కాలిన అగరుబత్తి పుల్లలు కాళ్ళక్రింద పడరాదని అవ్వ వాటిని అందులో కూడబెట్టును. సన్నని వెదురు బాణములు! అక్షయ తూణీరము!

“అవ్వా, పుల్లలు...”

“ఎందుకే?”

“తలుపుకు.”

“అవి దేవునియి!”

“గడపకు తాకియ్య అవ్వా. మీద బందుల పెడ్త.”

అవ్వ తలయెత్తి పై బందును చూచెను. “మీదనా? మీదైతె పెట్టు.”

పదవ తరగతి చార్టులకు వాడగా మిగిలిన ఫెవికాలులో పుల్లలను ముంచి, మరలూడదీసిన రంధ్రములలో కిక్కిరియునట్లు దిగగొట్టితిని. ఇక వాలిన తలుపును ఎత్తవలెను. ఇటుక మీద గడ్డపారను మోపి మూలక్రింద దూర్చితినిగాని, నా బరువుకు గడ్డపార కదలనైన కదలలేదు. అంతట అమ్మ పొయ్యి ఆర్పి, కొంగు బిగించి వచ్చి గడ్డపార కొన మీద నిలిచెను.

“నేను తొక్కి పట్కుంట. నువ్వు తిప్పు.”

“నువ్వు గూడనా సత్యమ్మా?” అనెను అత్త.

“బియ్యం బస్తా ఈడ్సుడు నాకే పడ్తాంది గద వదినే.”

తలుపు లేచెను. మరను త్రిప్పితిని. అది కొంత ఊరక తిరిగి, పిమ్మట పుల్లలను కరచెను. ఆహా, ఆ పట్టు! మణికట్టు గుండ భుజమునకెక్కి, గుండెలో కూర్చున్నది! అరచేయి బొబ్బలెక్కినను విడువక, ప్రతి మరను దాని తల మునుగువరకు త్రిప్పితిని.

అత్త లేచి వచ్చి, మరలను తట్టి, బందును తట్టి, “నువ్వేస్తె లెక్కలేదు,” అనెను. “అవ్వ ఎయ్యాలె. గదీ ఒక్క చేత్తోని.”

అవ్వ రెండు చేతులతో తోసినను పడని తలుపది! బాపు లేచి నిలుచుండెను. అమ్మ గడ్డపారను ప్రక్కకు లాగెను. నేను గడపకు అడ్డముగా నిలిచియుంటిని.

“అడ్డం లే పోరి,” అనెను అవ్వ. “బయటకు నడువు.”

బయట వాన. నడిచితిని. ముంగిట తడియుచు వెనుదిరిగి చూడగా, ఐలమ్మ, ఎడమచేత సగము కొరికిన మక్కగారెతో, కుడిచేతి వ్రేళ్ళ కొనలతో ఆ మహాకవాటమును అట్లు తాకెను. తాకగా అది కిర్రుమనక, కరవక, ఇన్ని దసరాల పసుపు గడపను వెంట్రుకవాసి ఎడమున దాటి, బాపు నవ్వును, అమ్మ కొంగును, అత్త తెరచిన నోటిని ఒక్కొక్కటిగ మరుగుపరచుచు వచ్చి, నా ముక్కు ఎదుట ఠప్పున పడెను.