ఒక మాత్రల సీసా, ఇంటినిండా డాక్టర్లు

పాఠక మహాశయులారా! షుగరు జబ్బుకు అసలైన మందు ఉచిత సలహా! ఇన్సులిన్ దొరకని ఊరుండొచ్చు, సలహా దొరకని ఊరుందా?

బంగారుపాళ్యం షబ్రీన్ అదృష్టం చూడండి. తొమ్మిదో ఏట టైప్ వన్ షుగరు వచ్చింది. ఒంట్లో ఇన్సులిన్ తయారు కాదు కాబట్టి పదిహేనేళ్లుగా రోజుకు నాలుగు సూదులు. అవి మానేసి కాకర రసం తాగమని ఒకరు, మామిడాకు కషాయం తాగమని ఒకరు! ఇంత వైద్యం ఏ మహారాణికి జరిగింది?

ఈమధ్య తిరుపతిలో ఒక ఆస్పత్రివాళ్లు ఆమెను పరిశోధనలో చేర్చుకున్నారు. పెద్దవాళ్ల షుగరుకు ఎన్నాళ్లుగానో వాడుతున్న మాత్ర టైప్ వన్ వాళ్ల రక్తనాళాలను కాపాడుతుందేమో చూడాలట. సూది మానకూడదు, మాత్ర అదనం. సగంమందికి అసలుది, సగంమందికి ఉత్తుత్తిది. ఎవరికేది పడిందో డాక్టరుకూ తెలియదు! షుగరు గురించి "నాకు తెలియదు" అన్న మనిషిని షబ్రీన్ పుట్టాక చూడటం అదే మొదలు. షుగరువల్ల మేనత్తకు కాలు తీసెయ్యడం కళ్లారా చూసిన పిల్ల, పాపం బోలెడంత ఆశపడింది.

డాక్టరుకు తెలియకపోతే మనకు తెలియకుండా పోతుందా? ఇరవైఏళ్లుగా షుగరు మాత్రలు మింగుతున్న నాయనమ్మ ఆయిషా బీ, ఆస్పత్రివాళ్లిచ్చిన సీసా మూత తీసి వాసన చూసి ఒకటి మింగింది.

"అస్లీ మాత్రే బేటీ ఇది! నాకు కండ్లు తిరిగినాయి సూడు!"

పక్కింటి వరదయ్య రెండు మింగాడు. "సుద్దముక్కప్పా మస్తానూ! రెండు మైసూరుపాకులు తిని సూసినా, షుగరు తగ్గలేదే!"

తగువు తీర్చడానికి తండ్రి మస్తాన్ వలి ఇంకొకటి మింగాడు. ఆయనకేమీ కాలేదు. ఆయనకసలు షుగరే లేదు.

చూశారా! ఆస్పత్రిలో ఏళ్లు పట్టే పరిశోధన మా వైపు కాఫీ చల్లారేలోగా ముగిసింది!

నెల తిరగ్గానే ఆస్పత్రిలో నర్సు రాజశ్రీ మిగిలిన మాత్రలు లెక్కపెట్టింది. నాలుగు తక్కువ.

"యాడ పోయినాయి పాపా? ఇట్లయితే నిన్ను తీసేస్తారే!"

షబ్రీన్ ఉన్నదున్నట్టు చెప్పేసింది. రాజశ్రీ నవ్వాపుకుంటూ లోపలికెళ్లి డాక్టరుతో మాట్లాడి వచ్చింది.

"ఈసారికి ఉండమన్నారు. సీసా బీరువాలో పెట్టి తాళమెయ్. అవునూ, ఇన్సులిన్ ఎవురూ ముట్టుకోలేదు గదా?"

"అది ఫ్రిజ్‌లో ఎదురుగానే ఉండాదక్కా. మానెయ్యమని చెప్పేదానికి ఊరంతా వచ్చినారు. పదిహేనేండ్లాయె, ఒక్క సూది పొడుసుకోని సూస్తామని ఎవురూ రాలేదు."